గంజి వార్చినట్టే కూర కూడా వార్చండి: డయాలసిస్ వాళ్లకి పొటాషియం తగ్గించి వండటం ఎలా

డయాలసిస్ సెంటర్ బయట కుర్చీల్లో నాలుగేసి గంటలు కూర్చుంటాం కదా, అక్కడ మాట్లాడుకునేదంతా తిండి గురించే. కొత్తగా మొదలైన వాళ్లు ముఖం వేలాడేసుకుని వస్తారు. చేతిలో డైటీషియన్ ఇచ్చిన కాగితం, అందులో తినకూడనివి రెండు పేజీలు, తినాల్సినవి నాలుగు లైన్లు. "మరి ఈయనకి ఏం పెట్టాలమ్మా?" అని అడుగుతారు. మా నాన్నకి ఆరేళ్లుగా డయాలసిస్, మంగళ, గురు, శనివారాలు. ఇంట్లో వంట నాదే. ఈ ప్రశ్నకి ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కే లేదు, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. మీ ఇంట్లో వాళ్లకి ఎంత పొటాషియం పర్లేదు అన్నది వాళ్లకి ఇంకా మూత్రం వస్తోందా, వారానికి రెండుసార్లా మూడుసార్లా, ఏ మందులు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. అది మీ నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పాలి. ఆయన చెప్పిన మాటని వంటింట్లో ఎలా అమలు చేయాలో మాత్రమే నేను చెప్తాను.

సంగతి ఇంతే. ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. అవి పని చేయనప్పుడు రక్తంలో పేరుకుపోయి గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషన్ వారానికి మూడుసార్లే దాన్ని తీస్తుంది, మనం తినేది రోజూ. మనకి కలిసొచ్చేది ఒక్కటే, పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు దాంతోపాటే పోతుంది.

కావాల్సినవి

- గత మూడు నెలల రక్తపరీక్ష రిపోర్టులు
- ఒక పెద్ద గిన్నె (కుక్కర్ కాదు), ఒక చిల్లుల గిన్నె
- తొక్క తీసే పీలర్, తురుముపీట
- చిన్న కిచెన్ కాటా, లేదంటే కనీసం ఒకే సైజు చిన్న గిన్నె, ఎప్పుడూ దాంతోనే కొలవాలి
- ఒక నోట్‌బుక్

1. ముందు నంబర్ చూడండి

డయాలసిస్ ఎక్కించే ముందు తీసిన రక్తం రిపోర్టు తీయండి. మామూలు మనిషికి రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5.0 mmol/L మధ్య ఉంటుంది. డయాలసిస్ వాళ్లకి సెషన్ ముందు 5.5 లోపు ఉంటే డాక్టర్లు సాధారణంగా కంగారు పడరు. 5.5 దాటితే తిండి బిగించాలి. 6 దాటితే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 6.5 దాటితే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. రిపోర్టులో 4.2 ఉంటుంది, అయినా భయంతో కూరగాయలన్నీ మానేసి అన్నం, మజ్జిగతో లాగిస్తుంటారు. 4.2 ఉన్న మనిషికి ఇంకా కోతలు పెట్టకండి. 3.5 కంటే తక్కువైనా గుండెకి ప్రమాదమే, అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే.

రోజు మొత్తానికి 2,000 నుంచి 3,000 మి.గ్రా. మధ్య ఒక అంకె చెప్తారు. మీ అంకె ఎంతో అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

2. రైతు బజార్‌లోనే సగం పని అయిపోవాలి

నేను హైదరాబాద్‌లో ఎర్రగడ్డ రైతు బజార్‌కి వెళ్తాను. మీకు మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ ఏది దగ్గరైతే అది. సంచిలో ఎక్కువ భాగం వీటితో నింపండి: సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, క్యాబేజీ, కాప్సికమ్, ఉల్లిపాయ. వంకాయ, బెండకాయ, క్యారెట్, బీన్స్ మధ్యరకం, వార్చుకుని తినొచ్చు. బంగాళాదుంప, చామదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ, మునక్కాయ, మునగాకు, పాలకూర, తోటకూర ఎక్కువ ఉన్నవి. ఇవి అరుదుగా, కొంచెంగా, తప్పనిసరిగా వార్చి.

కచ్చితమైన అంకెలు కావాలంటే మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 రకాల పదార్థాలున్నాయి, అవన్నీ మన దగ్గర దొరికేవే. నెట్‌లో తిరిగే "ఇవి తినొచ్చు, ఇవి తినకూడదు" ఫార్వర్డ్‌ల కంటే అది వెయ్యి రెట్లు నయం.

అన్నం గురించి టెన్షన్ పడకండి. 100 గ్రాముల తెల్లన్నంలో 35 మి.గ్రా. దగ్గరే ఉంటుంది. ఆరోగ్యం అనుకుని రాగులు, కొర్రలకి మారేవాళ్లుంటారు. వాటిలో తెల్లన్నం కంటే పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువ. షుగర్ కూడా ఉన్నవాళ్లయితే ఏది ఎంత తినాలో డైటీషియన్‌ని అడిగి మారండి.

3. కూర వార్చడం

అన్నింట్లోకి ముఖ్యమైనది ఇదే, తొందరపడకుండా చదవండి.

తొక్క తీయండి. ముక్కలు మామూలుగా కోసే దానికంటే బాగా చిన్నగా, పల్చగా కోయండి. ముక్క ఎంత చిన్నదైతే అంత ఎక్కువ దిగుతుంది. బంగాళాదుంపని ముక్కలుగా కోసి ఉడికించి పారబోస్తే సుమారు సగం పోతుంది, తురిమి ఉడికిస్తే ముప్పావు వంతు దాకా పోతుంది. కోసిన ముక్కల్ని ఒకసారి కడిగేయండి.

పెద్ద గిన్నెలో కూరకి నాలుగైదు రెట్లు నీళ్లు పోసి మరిగించండి. ఉప్పు వేయకండి. మరిగాక ముక్కలు వేసి, మూత పెట్టకుండా, 10 నిమిషాలు ఉడకనివ్వండి. సొరకాయ లాంటివి ఐదారు నిమిషాలకే మెత్తబడతాయి, అప్పుడే దించేయండి. చిల్లుల గిన్నెలో వంచి, పైనుంచి ఒక గ్లాసు మంచినీళ్లు పోయండి. నీళ్లన్నీ కారేదాకా ఆగండి. ఆ తర్వాతే తాలింపు.

మొదటిసారి పాలకూర వార్చినప్పుడు ఆ నీళ్ల రంగు చూడండి, ముదురు పచ్చగా, నురగతో, కాస్త జిగురుగా ఉంటాయి. మనకి అక్కర్లేనిది ఎక్కడికి పోతోందో కంటికి కనిపిస్తుంది.

కొందరు "రాత్రంతా నీళ్లలో నానబెట్టాం కదా" అంటారు. కేవలం నానబెడితే పెద్దగా పోదు. నానబెట్టడం మీ ఇష్టం, ఉడికించి వార్చడం మాత్రం తప్పదు. ఆవిరి మీద ఉడికించడం, మైక్రోవేవ్, వేపుడు, కుక్కర్‌లో కొంచెం నీళ్లతో రెండు విజిల్స్, వీటన్నింట్లో పొటాషియం కూరలోనే ఉండిపోతుంది, ఎందుకంటే పారబోయడానికి నీళ్లే మిగలవు.

ఉదయం టైమ్ లేకపోతే రాత్రే వార్చి, చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున తాలింపు వేస్తే ఐదు నిమిషాలు. రుచి తగ్గుతుంది, కాదనను. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ ధారాళంగా వేసుకోండి. నాన్న మొదటి నెల కంచం పక్కకి జరిపేశారు. వెల్లుల్లి కారం వేయడం మొదలుపెట్టాక కలుపుకుని తింటున్నారు.

వార్చినప్పుడు కొన్ని విటమిన్లు కూడా పోతాయి. డాక్టర్ ఇచ్చే విటమిన్ మాత్ర ఉంటే అది మానకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. రెండో ఏడాది మే నెలలో ఒక ఆదివారం. పాలకూర చక్కగా వార్చాను. కానీ చిన్నప్పటి నుంచి అమ్మమ్మ నోట విన్న మాట ఒకటి ఉంది, "బలమంతా ఆ నీళ్లలోనే ఉంది, పారబోయకే." చెయ్యి రాలేదు. ఆ నీళ్లలోనే పప్పు కట్టు కూడా కలిపి చారు పెట్టాను. నాన్న రెండు గిన్నెలు తాగారు. సాయంత్రం చూడ్డానికి వచ్చిన బంధువులు ఎండ కదా అని బోండం తెచ్చారు. సోమవారం రాత్రి ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. "కాళ్లకి ఇసుక మూటలు కట్టినట్టుంది" అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే పొటాషియం 7.1. ఈసీజీ చూసి డ్యూటీ డాక్టర్ పరిగెత్తిన తీరు నేను మర్చిపోలేను. ఆ రాత్రే డయాలసిస్ పెట్టారు, బయటపడ్డారు. వార్చిన నీళ్లు చారుకి, పిండి కలపడానికి, దేనికీ వాడకండి. సింక్‌లోకే.

4. పప్పు

పప్పు పూర్తిగా మానేయాలని ఎవరైనా చెప్తే వెంటనే మానేయకండి. డయాలసిస్‌లో ప్రోటీన్ పోతుంది కాబట్టి వీళ్లకి మామూలు వాళ్లకంటే ఎక్కువే కావాలి, కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు. అయితే 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 1,300 మి.గ్రా. పైనే పొటాషియం ఉంటుంది, అంటే ఒక గుప్పెడు, 30 గ్రాములు, వేస్తేనే 400.

కాబట్టి ఇలా చేయండి. పప్పు రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. గిన్నెలో ఎక్కువ నీళ్లతో పలుకు మెత్తబడేదాకా ఉడికించి, కట్టు వంపేసి పారబోయండి. మళ్లీ కొత్త నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. ఈ రెండోసారి కుక్కర్ వాడుకోవచ్చు. తర్వాత కొలత, రోజుకి ఒక చిన్న గిన్నె. పప్పు తిన్న పూట పక్కన ఇంకో ఎక్కువ పొటాషియం కూర వద్దు, టమాటా పప్పు, పాలకూర పప్పు అసలే వద్దు.

ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గుడ్డులోని తెల్లసొన నుంచి వచ్చేలా చూసుకుంటే చాలా తేలిక. చికెన్ తినేవాళ్లు చిన్న ముక్కలు చేసి ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుకోండి. సూప్ మాత్రం వద్దు, అది మళ్లీ అమ్మమ్మ చారు కథే.

5. పులుపు ఎక్కడి నుంచి

మనకి పులుపు లేకపోతే ముద్ద దిగదు. ఒక మాదిరి టమాటాలో 250 నుంచి 300 మి.గ్రా. ఉంటుంది, మనం ఒక కూరకి నాలుగు వేస్తాం. నిమ్మకాయంత చింతపండులో 150 దాకా ఉంటుంది, అది ఇంట్లో నలుగురికీ పంచుకుంటే పర్లేదు. నేను ఎక్కువగా దించాక నిమ్మరసం పిండుతాను, చెంచాడు రసంలో పొటాషియం లెక్కలోకి రానంత తక్కువ. చారు తాగాలనిపిస్తే పల్చగా, అన్నంలో కలుపుకునేంతే, గ్లాసులో పోసుకుని తాగకూడదు, వీళ్లు రోజుకి ఇంతే తాగాలని నీళ్ల కొలత కూడా ఉంటుంది కదా.

ఊరగాయలో ఉప్పు ఎక్కువ, దాహం వేస్తుంది, దాహం వేస్తే నీళ్లు తాగుతారు, మళ్లీ సెషన్‌కి బరువు పెరిగి వెళ్తారు. అంచుకి రాసుకునేంత చాలు.

6. పండ్లు, బోండం

రోజుకి ఒకటే పండు, అదీ 100 గ్రాముల దగ్గర. చిన్న ఆపిల్‌కి సగం పైన, లేదా రెండు పల్చటి అనాస చక్రాలు. ఇవి 100 గ్రాములకి 110 మి.గ్రా. లోపే. అరటిపండు ఒక్కటి తింటే 400. మామిడిపండులో 100 గ్రాములకి 170 దాకా ఉంటుంది, వినడానికి తక్కువే, కానీ ఎవరు 100 గ్రాముల దగ్గర ఆగుతారు? ఒక బంగినపల్లి తింటే 500 దాటిపోతుంది. నాన్నకి రెండు పల్చటి ముక్కలు కోసిచ్చి మిగతా పండు ఆయన కళ్ల ముందు నుంచి తీసేస్తాం. పుచ్చకాయ కూడా అంతే, పైగా అది నీళ్ల లెక్కలోకి వస్తుంది.

కొబ్బరినీళ్లు వద్దే వద్దు. 100 మి.లీ.లో 250 మి.గ్రా., ఒక బోండంలో 700 దాటొచ్చు. ఆసుపత్రి గేటు ముందే బోండాల బండి ఉంటుంది, చూడ్డానికి వచ్చేవాళ్లు ప్రేమతో అదే తెస్తారు. ముందే ఫోన్‌లో చెప్పేయండి. ఖర్జూరం, కిస్‌మిస్ లాంటి ఎండుపండ్లు కూడా వద్దు. స్టార్ ఫ్రూట్ సంగతి వేరు, అందులోని విషపదార్థాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు. ఎడతెగని ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది. ఒక్క ముక్క కూడా తినకూడదు.

7. ఉప్పు డబ్బా, మందుల డబ్బా తిప్పి చదవండి

బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. డయాలసిస్ ఇంట్లో ఆ ప్యాకెట్ ఉండకూడదు, మామూలు ఉప్పే తక్కువగా వాడండి. ప్యాకెట్ తిండి మీద 508, 340, 332 అని అంకెలుంటే అవి పొటాషియం లవణాలు.

విరేచనాలైతే మెడికల్ షాపులో ఓఆర్ఎస్ చేతిలో పెడతారు. లీటరు ఓఆర్ఎస్‌లో 780 మి.గ్రా. దాకా పొటాషియం ఉంటుంది. డాక్టర్‌ని అడగకుండా కలపొద్దు. బీపీ మందుల్లో టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ పొటాషియం పెంచగలవు. మీ అంతట మీరు ఆపకండి, అంకె పెరిగినప్పుడు మందుల లిస్టు డాక్టర్‌కి చూపించండి. నొప్పుల మాత్రలు, పసరు మందులు అడగకుండా వేసుకోకండి.

8. ఆ రెండు రోజుల గ్యాప్

వారంలో ఒకసారి వరుసగా రెండు రోజులు డయాలసిస్ ఉండదు. మంగళ, గురు, శని సెషన్ల వాళ్లకి అవి ఆదివారం, సోమవారం. సోమ, బుధ, శుక్ర వాళ్లకి శని, ఆదివారాలు. వారం మొత్తంలో అన్నింటికంటే ప్రమాదమైన సమయం ఈ గ్యాప్ చివరే, మన హైదరాబాద్‌లో బిర్యానీలు, బోనాలు, ఫంక్షన్లు అన్నీ సరిగ్గా ఆదివారమే పడతాయి. వారానికి రెండే సెషన్లు ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా ఉండాలి.

బిర్యానీ అన్నం సగం ఉడికించి వార్చాకే దమ్ పెడతారు కాబట్టి అన్నంతో పెద్ద గొడవ లేదు. మిర్చీ కా సాలన్ తీసేయండి, అది పల్లీలు, నువ్వులు, చింతపండు. ముక్కలు రెండుకి మించొద్దు. ఉప్పు, దాహం గుర్తుంచుకోండి. హలీమ్‌లో గోధుమలు, పప్పులు, మాంసం గంటల తరబడి ఉడికి అందులోనే కలిసిపోతాయి, వార్చేదేమీ ఉండదు. తినాలనే ఉంటే రెండు చెంచాలు, అది కూడా మర్నాడు సెషన్ ఉన్న రోజున.

"మిషన్ మీదుండగా తింటే లాగేస్తుంది" అని అరటిపండు తినేవాళ్లని చూశాను. తిన్నది అరిగి రక్తంలోకి రావడానికి గంటలు పడుతుంది, సెషన్ నాలుగు గంటలే, కొందరికి తింటే బీపీ కూడా పడిపోతుంది. డాక్టర్ సరే అంటేనే.

వానలకి రోడ్లు మునిగో, బంద్ వల్లో సెషన్ తప్పిపోతుందనిపిస్తే ఆ రోజే సెంటర్‌కి ఫోన్ చేసి మర్నాటికి స్లాట్ అడగండి. ఆ మధ్యలో అన్నం, తెల్లసొన, సొరకాయ లాంటి వార్చిన కూరలతోనే గడపండి.

సరిగ్గా చేస్తున్నామా లేదా ఎలా తెలుస్తుంది

నెలనెలా పరీక్ష డయాలసిస్ ముందు తీయించండి. అయిపోయాక తీస్తే అంకె అందంగా కనిపిస్తుంది, కొన్ని గంటల్లో కణాల్లోంచి మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది. పోల్చేటప్పుడు పెద్ద గ్యాప్ తర్వాత తీసినదాన్ని పెద్ద గ్యాప్ తర్వాత తీసినదాంతోనే పోల్చండి. పరీక్షకి ముందు రెండు రోజులు తిన్నదంతా నోట్‌బుక్‌లో రాయండి, టీతో సహా. ఇరానీ చాయ్ కూడా పాలే, 100 మి.లీ. పాలలో 150 దాకా ఉంటుంది.

అంకె హఠాత్తుగా పెరిగి తిండిలో ఏ మార్పూ లేకపోతే రిపోర్టు కింద "హీమోలైజ్డ్" (తీసిన రక్తంలో కణాలు పగిలాయి) అని ఉందేమో చూడండి. చేతికి పట్టీ గట్టిగా బిగించి, పిడికిలి బిగించి తెరవమని చెప్పి తీసినా కణాల్లోని పొటాషియం బయటికొచ్చి అంకె తప్పుగా పెరుగుతుంది. మళ్లీ తీయించమని అడగండి, కానీ 6.5 లాంటి అంకె వస్తే తప్పో ఒప్పో ఆసుపత్రిలోనే తేల్చుకోండి.

తిండి సరిగ్గానే ఉన్నా తగ్గట్లేదంటే నాలుగు అడగండి. మలబద్ధకం ఉందా? వీళ్లకి పొటాషియం మలంలో కూడా కొంత పోతుంది, అది ఆగితే పెరుగుతుంది. సెషన్ అరగంట ముందే దిగిపోతున్నారా? ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో చేతిలో కలిపిన రక్తనాళం) సరిగ్గా పని చేస్తోందా? షుగర్ అదుపులో ఉందా? ఐదోది ఎవరూ అనుకోరు, ఉపవాసం. ఏకాదశికో శివరాత్రికో రోజంతా ఏమీ తినకపోతే పొటాషియం తగ్గుతుందనుకుంటారు. ఒంట్లో ఇన్సులిన్ తగ్గి కణాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది, అంకె పెరుగుతుంది. మూడు పూటలా కొంచెం కొంచెం తినాల్సిందే.

డాక్టర్ పొటాషియం తగ్గించే పొడి సాచెట్ రాస్తే మిగతా మందులకి, దానికి మధ్య ఎంత టైమ్ ఉండాలో అడిగి వేసుకోండి. కొన్నింటితో మలబద్ధకం వస్తుంది, వస్తే చెప్పండి.

ఎప్పుడు పరిగెత్తాలి

కాళ్లు బరువెక్కి లేవలేకపోవడం, నోటి చుట్టూ లేదా చేతుల్లో తిమ్మిరి, గుండె దడ, నాడి బాగా నెమ్మదించడం, ఆయాసం. ఇవేమీ లేకుండానే కూడా గుండె మీద పడొచ్చు, అందుకే అంకెని నమ్మాలి. వీటిలో ఏదొచ్చినా రేపటి సెషన్ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. చివరి రిపోర్టు, మందుల లిస్టు, డయాలసిస్ ఫైల్ ఒకే సంచిలో పెట్టి తలుపు పక్క మేకుకి తగిలించి ఉంచండి. క్యాజువాలిటీలో చెప్పాల్సిన మొదటి మాట, "డయాలసిస్ పేషెంట్, పొటాషియం పెరిగిందేమో, ముందు ఈసీజీ తీయండి." రెండో మాట, "ఈ చేతికి ఫిస్టులా ఉంది, సూది, బీపీ పట్టీ రెండో చేతికే."